టీమ్స్ అడ్మిన్ పని ఎక్కడ నేర్చుకోవాలి?
(షోళింగనల్లూరు యువజన సమావేశంలో చేసిన ప్రసంగ పాఠం)



ఓ.ఎం.ఆర్. ఆఫీసుల్లో హెల్ప్‌డెస్క్ పని చేస్తున్నవాళ్లం మాలో చాలామందిమి ఉన్నాం. ఒకసారి మాలో ఒకరు పాతదే కదా అని ఒక టీమ్‌ను డిలీట్ చేసేశారు. అందులో ఏడాది పని ఉంది. ఉద్యోగం పోతుందని రాత్రంతా నిద్ర లేదు. తీరా చూస్తే, 30 రోజుల్లోపు దాన్ని తిరిగి తెచ్చుకోవచ్చని మైక్రోసాఫ్ట్ పేజీలో రాసే ఉంది! చదవకపోవడమే మా తప్పు.

అందుకే చెబుతున్నాం. మొదట మైక్రోసాఫ్ట్ లెర్న్ చూడండి. పాఠాలన్నీ ఉచితం. టీమ్స్ అడ్మిన్‌కు ఎంఎస్-700 అనే పరీక్ష ఉంది. 1000కి 700 వస్తే పాస్. పరీక్షకు ఫీజు ఉంది గనుక పాఠాలు పూర్తయ్యాకే కట్టండి. సర్టిఫికెట్‌ను ఏటా ఉచితంగానే రెన్యూ చేసుకోవచ్చు. మీ కంపెనీ గూగుల్ వర్క్‌స్పేస్ వాడితే గూగుల్ అడ్మిన్ హెల్ప్, మన చెన్నై జోహో వారి క్లిక్ వాడితే వాళ్ల గైడ్ చదవండి. వందమందికి ఒకేసారి సెట్టింగ్ మార్చాలంటే పవర్‌షెల్ కాస్త వస్తే పని సులువవుతుంది.

చదివింది ట్రయల్ టీమ్‌లో చేసి చూడండి, అసలు దాని మీద ప్రయోగాలు వద్దు. అచ్చు అతకడం మన తాతలు పుస్తకం చూసి నేర్చుకోలేదు, పక్కన కూర్చుని నేర్చుకున్నారు. మనమూ ఆదివారం ఓ గంట కలిసి కూర్చుందాం. వచ్చినవాళ్లు రానివాళ్లకు నేర్పుదాం.