రాతి మీద రాత చదివేవాళ్ళం మనమే
(సంఘం వార్షిక సమావేశంలో చేసిన ప్రసంగ పాఠం)



ముందుగా ఒక మనవి. నేను ఉర్దూ మీడియం పంతులును. నా తెలుగులో ఉర్దూ దొర్లుతుంది, బజారు మాటలూ దొర్లుతాయి. మన్నించండి. కార్యదర్శి గారు నాకు ఇచ్చిన విషయం "పెరుగుతున్న మన ఊళ్ళు" అని. పావుగంటలో ముగించమన్నారు. ప్రయత్నం చేస్తాను.

మన ఊళ్ళు పెరగడం మన కళ్ళ ముందే జరిగింది. దేశంలో జైసల్మేరు తర్వాత ఇంత తక్కువ వాన పడే సీమ మాదే అని చిన్నప్పటి నుంచి వింటూ పెరిగినాం. ఏడాదికి 550 మిల్లీమీటర్లు పడితే మహాభాగ్యం. అటువంటి చోట, పెనుకొండ పక్కన ఎర్రమంచి దగ్గర 2017లో కియా కార్ల ఫ్యాక్టరీ వస్తుందన్నారు. అయిదు వందల ఎకరాల పైచిలుకు నేల తీసుకున్నారు, హంద్రీ–నీవా నీళ్ళు గొల్లపల్లి రిజర్వాయరుకు తెచ్చినారు, 2019లో కార్లు బయటికి వచ్చినాయి. శనక్కాయ చేలు ప్లాట్లయినాయి, రాళ్ళు పాతినారు, రంగులేసినారు. 2021లో పెనుకొండ నగర పంచాయతీగా ఓట్లు వేసింది. 2022 ఏప్రిల్‌లో జిల్లా కూడా వేరయి శ్రీ సత్యసాయి జిల్లా అయింది.

నేను దీనికి వ్యతిరేకిని కాను. నా దగ్గర అలిఫ్, బే దిద్దిన పిల్లలు ఈ రోజు యూనిఫారం వేసుకుని కంపెనీ బస్సు ఎక్కుతున్నారు. వాళ్ళ అమ్మలు ఈ హాల్లోనే కూర్చున్నారు. ఆ జీతాలతో లేచిన ఇళ్ళను చూసి నాకు సంతోషమే. అయితే ఊరు పెరిగేటప్పుడు ఏది కూలుతుంది, కూల్చేది ఎవరు అన్నది కూడా ఒకసారి చూసుకోవాల కదా.

పెనుకొండ సంగతే తీసుకోండి. కోటలో ఉన్న శాసనం ప్రకారం 1354 ప్రాంతంలో, బుక్కరాయల కొడుకు విరూపణ్ణ ఒడయరు కాలంలో ఆ కోట కట్టినారు. 1565 యుద్ధం తర్వాత విజయనగరం పాడుపడితే తిరుమలరాయలు వచ్చి కూర్చున్నది ఇక్కడే. అంటే కొన్నాళ్ళు ఇది రాజధాని. ఎర్రమంచి అంటే ఈనాటి పిల్లలకు కార్లు గుర్తుకొస్తాయి. పాతవాళ్ళకు ఎర్రమంచి వైపు కోట వాకిలి, అక్కడి ఆంజనేయస్వామి విగ్రహం గుర్తుకొస్తాయి. ఊళ్ళో జైనుల పార్శ్వనాథుడున్నాడు, రాముడి గుడీ శివుడి గుడీ పక్కపక్కన ఉన్నాయి, షేర్‌ఖాన్ మసీదుంది. మన బాబా ఫక్రుద్దీన్ దర్గా సంగతి మీకు చెప్పే పని లేదు. తిరుచ్చి నత్తర్ వలీ శిష్యుడాయన. హిందువులు బాబయ్య స్వామి అంటారు, పిల్లలకు బాబయ్య అని పేరు పెట్టుకుంటారు. ఉరుసు నాడు ఆ జనంలో ఎవరు ఎవరో వేరు చేయమంటే నా వల్ల కాదు.

ఇంకొక మాట గగన్ మహల్ గురించి. అది రాయల ఇల్లు. కమాన్లు చూస్తే, లోపలి గుమ్మటాలు చూస్తే సుల్తానుల కట్టడంలాగుంటుంది, పైన గోపురం చూస్తే గుడిలాగుంటుంది. బీజాపురంతో, గోలకొండతో కత్తులు దూసిన రాయలే ఇంట్లో ఆ కమాన్లు పెట్టించుకున్నారు. యుద్ధం యుద్ధమే, మేస్త్రీ పని మేస్త్రీ పని! మా పిల్లలకు చరిత్ర పాఠం చెప్పే కంటే ఒకసారి అక్కడికి తీసుకుపోయి నిలబెడితే చాలు అనిపిస్తుంది నాకు.

ఇట్లాంటి పెద్ద కట్టడాలకు చట్టం ఉంది. కేంద్రానిది 1958 చట్టం, రాష్ట్రానిది 1960 చట్టం. 2010లో కేంద్ర చట్టాన్ని సవరించి, దాని కింద రక్షించిన కట్టడానికి నూరు మీటర్ల లోపల కొత్త కట్టుబడి కూడదన్నారు, ఆ పైన రెండు వందల మీటర్ల దాకా అనుమతి కావాలన్నారు. మన పక్కనే ఉన్న లేపాక్షి వీరభద్ర ఆలయం అట్లా కాపాడబడుతున్నదే. 2022లో యునెస్కో వారి తాత్కాలిక జాబితాలోకి కూడా ఎక్కింది. కానీ చట్టం జాబితాలో ఉన్నదాన్నే చూస్తుంది. మన మహల్లా మసీదు, పాత ఖబరస్తాన్ గోడ, ముసాఫిర్‌ఖానా, పెరట్లో చేదబావి, ఇవి ఏ జాబితాలోనూ లేవు. వీటికి కాపలా మనమే, వీటిని కూల్చేదీ మనమే.

హజ్‌కు పోయి వచ్చినవాళ్ళు చాలామంది ఇక్కడ ఉన్నారు. హరమ్ పక్కన ఆకాశానికి ఎక్కిన గడియారం స్తంభం చూసినారు కదా, ఆరు వందల మీటర్లు. అక్కడ అంతకు ముందు కొండ మీద అజ్యాద్ కోట ఉండేది, తుర్కీల కాలంలో, 1780 ప్రాంతంలో కట్టింది. 2002 జనవరిలో కోటను తీసేసి, కొండను చదును చేసి ఆ భవనాలు లేపినారు. తుర్కీ దేశం గట్టిగా అభ్యంతరం చెప్పింది. హాజీలకు చోటు కావాలన్నది అక్కడి ప్రభుత్వం జవాబు. తప్పెవరిదని తీర్పు చెప్పడానికి నేనెవరిని? చోటు కావాలన్న మాటలో న్యాయం ఉంది, పోయిన కోట తిరిగి రాదన్న మాటలోనూ ఉంది. అదే దేశంలో, అదే హాజీలు దిగే జిద్దాలో పగడపు రాళ్ళతో కట్టిన పాత ఇళ్ళ పేట ఇంకా ఉంది. 2014లో యునెస్కో దాన్ని ప్రపంచ వారసత్వంగా గుర్తించింది.

దుబాయిలో కొడుకులున్న తల్లిదండ్రులకు ఇంకొకటి చెబుతాను. అక్కడ వాగు పక్కన బస్తకియా అని పాత పేట, ఇప్పుడు అల్ ఫహీదీ అంటారు. ఫ్యాను లేని కాలంలో గాలిని పట్టి ఇంట్లోకి దింపే గాలిగోపురాలున్న ఇళ్ళవి. 1980లలో సగం పేటను కూల్చినారు. 1989లో మిగిలింది కూడా తీసేయాలనుకున్నారు. ఆ ఇళ్ళలో ఒకదాన్ని బాగుచేసుకుని కాపురమున్న రేనర్ ఆటర్ అనే ఇంగ్లీషు ఆర్కిటెక్టు పట్టుపట్టినాడు. దుబాయి చూడబోతున్న చార్లెస్ యువరాజుకు, అంటే ఇప్పటి రాజుకు, ఉత్తరం రాసినాడు. ఆయన వచ్చి పేటంతా తిరిగి, కాపాడమని చెప్పినాడు. కూల్చడం ఆగింది. ఈ రోజు మన పిల్లలు సెలవు నాడు అక్కడ ఫోటోలు దిగి మనకు పంపిస్తున్నారు. మనకు యువరాజులు రారు గాని, ఉత్తరం రాసేవాడు ఒకడైనా ఉండాల.

ఇప్పుడు నా తప్పు చెప్పుకుంటాను. మసీదు పేరు చెప్పను, తెలిసినవాళ్ళకు తెలుసు.

నేను కొత్తగా ఉద్యోగంలో చేరిన రోజులు. రమజాన్ ముందు మసీదుకు హంగు చేయాలని కమిటీవారు అనుకున్నారు. చందా రాసింది నేను, రసీదులు కోసింది నేను. గోడలకు ఆయిల్ పెయింటు, కింద మూడడుగుల ఎత్తు టైల్సు, వాకిలి చుట్టూ కూడా టైల్సు. ఆ వాకిలి మీద జానెడు వెడల్పు నల్లరాయి ఒకటి ఉండేది. నాలుగు పంక్తుల ఫార్సీ. సున్నం మీద సున్నం కొట్టి అక్షరాలు సగం పూడిపోయినాయి. మా మహల్లాలో ఒక పెద్దాయన, నేను చాచా అని పిలిచేవాణ్ణి, "మాష్టరూ, కట్టిన సంవత్సరం అందులోనే ఉందంట, చదివి చెప్పరాదా" అని రెండుసార్లు అడిగినాడు. ఫార్సీ రాతల్లో సంవత్సరాన్ని అంకెల్లో రాయకుండా అక్షరాల్లో దాచే పద్ధతి ఉంది. అలిఫ్‌కు ఒకటి, బేకు రెండు, జీమ్‌కు మూడు. మనం బిస్మిల్లాహ్‌కు బదులు లారీల మీద రాసుకునే 786 కూడా ఆ లెక్కే. చివరి పంక్తి కూడితే సంవత్సరం వచ్చేది. నాకు ఫార్సీ కొంచెం వచ్చు. మొదటి పంక్తి చదివినాను, అది బిస్మిల్లాహ్ అని అందరికీ తెలిసిందే. మిగతాది తడి గుడ్డతో తుడిచి, నిచ్చెన వేసుకుని చదవాల. "పండగ కానీ చాచా" అన్నాను.

పండగ ముందే టైల్సు పడినాయి. రాయి కొంచెం ముందుకు పొడుచుకుని ఉందని మేస్త్రీ సుత్తీ ఉలీ పట్టి చెక్కి సమం చేసినాడు. నేను బడి నుంచి వచ్చేసరికి అయిపోయింది. పనివాడిని ఏమనేది? చెక్కవద్దని అతనికి ఎవరూ చెప్పలేదు. చెప్పవలసినవాణ్ణి నేను. ఒక ఫోటో లేదు, కాగితం మీద ఒక ముక్క లేదు. చాచా నన్నేమీ అనలేదు. టైల్సు బాగున్నాయి అన్నాడు. తర్వాత రెండేళ్ళకు ఆయనా పోయినారు, అల్లా ఆయన్ను కరుణించుగాక.

2025లో వక్ఫ్ ఆస్తుల వివరాలన్నీ ఉమీద్ పోర్టల్‌లో ఎక్కించమన్నప్పుడు మన మహల్లాల్లో ఎంత హడావుడి జరిగిందో మీకు గుర్తుంది. ట్రంకుపెట్టెలు దించినాం, చెదలు తిన్న దస్తావేజులు ఎండలో ఆరబెట్టినాం. ఎప్పుడు కట్టినారు అన్న చోటికి వచ్చేసరికి ముతవల్లీగారు నా మొహం చూసినారు. నేను వాకిలి మీది టైల్సు చూసినాను.

ఇంత ఎందుకు చెబుతున్నానంటే, అదే మసీదు పాత దాలాన్ తీసేసి రెండంతస్తులు కట్టాలని, కింద బజారు వైపు అంగళ్ళు పెట్టాలని ఇప్పుడు ప్రతిపాదన వచ్చింది. చోటు చాలదన్నది నిజం. జుమా నాడు సగం మంది ఎండలో రోడ్డు మీద నిలబడుతున్నారు. మొన్న మాట్లాడుకున్నప్పుడు ఒక తమ్ముడు నాతో, "సార్, రాళ్ళకేముంది, మనుషులకు నీడ కావాల" అన్నాడు. ఆ మాట నాకు నచ్చింది. అతడు కోపంతో అనలేదు, వాళ్ళ నాయన మోకాళ్ళ నొప్పులతో రోడ్డు మీద నమాజు చేస్తాడు కాబట్టి అన్నాడు. నేను అడిగేది ఇంతే. దాలాన్ వెనక ఖాళీ స్థలం ఉంది కదా, పాత వజూఖానా పక్కన. కొత్త హాలు అక్కడ లేపి, దాలాన్‌ను దానికి ముంగిలిలాగ నిలుపుకోలేమా? కొలిచి చూపించమని ఇంజనీరును అడిగితే పోయేదేముంది? అంగళ్ళు రెండు తగ్గుతాయి, బాడుగ తగ్గుతుంది. దాచకుండా చెబుతున్నాను, నష్టం ఉంది.

బాగుచేయించేటప్పుడు సిమెంటు సంగతి కూడా చూడండి. పాత గోడ గానుగ సున్నంతో కట్టింది. సున్నం, ఇసుక, బెల్లం నీళ్ళు, కరక్కాయ నీళ్ళు. ఆ గోడ తేమను పీల్చి వదులుతుంది. దాని మీద సిమెంటు మెత్తితే తేమ లోపలే చిక్కి ఇటుక పొరలు పొరలుగా రాలుతుంది. అప్పుడు "పాతది, పడిపోతాంది" అంటాం. బెల్లానికి మన హిందూపురం మార్కెట్టును మించింది లేదు, సున్నం కాల్చే పని తెలిసిన ముసలి మేస్త్రీలు పల్లెల్లో ఇంకా ఒకరిద్దరు ఉండొచ్చు, వెతకాల.

ధర్మవరం వారు, మా ఊరి మాట రాలేదే అనుకుంటున్నారేమో. మీ పాత ఇళ్ళలో మగ్గం గుంత ఉంటుంది. ఇల్లు కూల్చి మూడో అంతస్తు ఫ్లాటులోకి పోతే గుంత తవ్వేదెక్కడ? మగ్గం అమ్మేస్తారు, కొడుకు బెంగుళూరు పోతాడు. అంటే ఇంటితో పాటు చేతిపని కూడా ఖాళీ చేస్తుంది. దీని గురించి నాకంటే నేసేవాళ్ళే చెప్పగలరు. వచ్చే సంవత్సరం వాళ్ళలో ఒకరిని ఈ వేదిక మీదికి పిలవండి.

నా వంతుగా ఒక పని మొదలుపెట్టినాను. ఉర్దూ మీడియంలో పిల్లలు ఏడాదికేడాది తగ్గుతున్నారు. "ఉర్దూ చదివి ఏం చేస్తాడు సార్" అని నన్నడిగే తల్లిదండ్రులకు నా దగ్గర మంచి జవాబు లేదు. కానీ ఈ మూడు ఊళ్ళలో మన మసీదుల మీద, దర్గాల మీద, గోరీల మీద ఉన్న రాత చూసి అక్షరం పట్టగలిగేది ఆ పిల్లలే. ఎనిమిది, తొమ్మిది తరగతుల వాళ్ళు ఆరుగురు నాతో వస్తున్నారు. రాయిని మెత్తని బ్రష్షుతో తుడిచి, పక్క నుంచి వెలుగు పడేటట్టు ఫోటో తీస్తాం. చదవగలిగింది నోటుబుక్కులో రాస్తాం, చదవలేనిది ఉన్నది ఉన్నట్టు గీస్తాం. అరబీ, ఫార్సీ శాసనాలు చదివే పురావస్తు శాఖవారి కార్యాలయం నాగపూరులో ఉంది, మాకు తెగనివి అక్కడికి పంపుతాం. ఇంతవరకు పదకొండు రాళ్ళయినాయి. పదకొండో దాంట్లో సంవత్సరం ఒక పిల్ల కూడింది. నేను చేసిన లెక్క తప్పయింది, ఆ పిల్లది సరిపోయింది!

ఆ నోటుబుక్కు బయట టీ బల్ల మీద పెట్టినాను. మీ ఇంటి గడప మీదో, బావి గట్టు మీదో, మీ మహల్లా ఖబరస్తాన్‌లోనో రాత ఉన్న రాయి ఉంటే చివరి పేజీలో ఊరూ వీధీ రాసిపోండి. ఆదివారం జుహర్ నమాజు తర్వాత మేము వస్తాం. నిచ్చెన మాత్రం మీరే ఇయ్యాల.

పావుగంట దాటింది, కార్యదర్శి గారు గడియారం చూస్తున్నారు. ఖుదా హాఫిజ్.