పెద్దరోడ్డు, ప్రక్క ఊళ్ళు
(కోవిల్‌పట్టిలో ఉగాది ఉత్సవ సభలో చేసిన ప్రసంగ పాఠము)



నేను ఉపన్యాసకుణ్ణి కాను. మినుములు, వేరుశనగ తూచి బ్రతికేవాణ్ణి. ఈ ఎండలో, ఈ రోడ్డు ప్రక్కన కాపురమూ వ్యాపారమూ ఎట్లా సాగించాలో కొత్తగా వచ్చిన కుటుంబాలకు నాలుగు మాటలు చెప్పమని కార్యదర్శిగారు ఆజ్ఞాపించారు. కాదనలేక నిలుచున్నాను.

క్రిందటి వేసవిలో కృష్ణా జిల్లా నుండి మా బంధువొకాయన వచ్చాడు. విరుదునగర్ దాటి, సాత్తూరు దాటి వస్తూ బస్సు కిటికీలోంచి చూశాడట. ఇంట్లో అడుగు పెడుతూనే, “ఏం బావా, ఎడారిలో కాపురం పెట్టావే!” అన్నాడు. కాలువ నీళ్ళు చూసిన కళ్ళకు అట్లాగే ఉంటుంది. ఇది ఎడారి కాదు, నల్లరేగడి. తమిళులు కరిసల్ అంటారు. అక్టోబరు, నవంబరులలో ఈశాన్యపు వాన పడితే మినుము, పెసర, ప్రత్తి, మొక్కజొన్న, మిరప పండుతాయి. పడకపోతే లేదు. ప్రత్తి ఉన్నది గనుక మిల్లులు వచ్చాయి. గాలిలో తడి లేదు గనుక అగ్గిపెట్టెల పరిశ్రమ నిలిచింది. శివకాశి నుండి ఇద్దరు 1922లో కలకత్తా వెళ్ళి ఆ పని నేర్చుకొని వచ్చారు. మా బావ తిట్టిన ఎండే ఎన్నో వేల ఇళ్ళకు అన్నం పెట్టింది.

విరుదునగర్ సంగతి మరీ చిత్రం. 1923 దాకా అది విరుదుపట్టి. చుట్టూ పండేది కొద్ది. కాని పప్పులకు, నూనెలకు, మిరపకాయలకు అక్కడి బజారు పలికిన ధర కోసం దూరప్రాంతాల వర్తకులు కూడ చెవులు రిక్కించుకొని ఉంటారు. ఇక్కడికి సుమారు 50 కిలోమీటర్లు. ఇప్పటికీ ఉదయం కాఫీ కంటె ముందు నాకు ఆ ధర తెలియాలి.

ఈ నేల మీద మనవాళ్ళు నిన్న మొన్న వచ్చినవారు కారు. విజయనగర కాలంలో, మధుర నాయకుల కాలంలో వచ్చిన కుటుంబాలు ఊళ్ళకు ఊళ్ళే ఉన్నాయి. ప్రక్కనున్న ఇడైసేవల్‌లో పుట్టిన కి. రాజనారాయణన్ గారి ఇంటిభాష తెలుగు. ఆయన వ్రాసింది తమిళం. ఆ వలస వచ్చినవారి కథకే 1991లో సాహిత్య అకాడమీ బహుమానం వచ్చింది. ఆ పల్లెలలో తెలుగు మాట వినబడుతుంది, తెలుగు అక్షరం కనబడదు. నా చిట్టా కూడ తమిళంలోనే ఉన్నది. దాచటం ఎందుకు?

ఇక రోడ్డు. మన ఊరి ప్రక్కనుండి పోయే 44వ నంబరు జాతీయ రహదారి శ్రీనగర్‌లో బయలుదేరి కన్యాకుమారిలో ఆగుతుంది. 2010కి ముందు మనవైపు దాని నంబరు 7. హైదరాబాదు, కర్నూలు మీదుగా వచ్చేది ఇదే రోడ్డు. అది నాలుగు వరుసలైనప్పుడు నాకూ ఆశ పుట్టింది. బజారు కొట్టు తమ్ముడికి అప్పగించి, ఊరి వెలుపల రోడ్డు మీద ఎక్కువ అద్దెకు ఒక కొట్టు పట్టాను. కార్లు ఆగేవి. మన ఊరి వేరుశనగ మిఠాయి కొనేవారు, నీళ్ళు త్రాగేవారు, పోయేవారు. (ఆ మిఠాయికి 2020లో భౌగోళిక గుర్తింపు వచ్చింది, సంతోషమే.) పోయినవాడు మళ్ళీ వచ్చేది ఎప్పుడు? రెండేళ్ళకు కొట్టు మూశాను. అద్దె అడ్వాన్సులో సగం తిరిగి రాలేదు. హోటలు, పంక్చరు కొట్టు, టీ దుకాణం అక్కడ బాగానే నడుస్తాయి. ధాన్యం వ్యాపారానికి ప్రక్క ఊళ్ళే ఆధారం.

ప్రక్క ఊళ్ళంటే అరువు. విత్తనాల నాడు సరుకు తీసుకొని, పొంగల్ దాటి మినుము ఇంటికి వచ్చాక చెల్లిస్తారు. ఒకసారి పట్టిన కొట్టును తరతరాలు విడువరు. నేను ఒకరిని విడిచేట్టు చేసుకున్నాను.

2016లో ఈశాన్యపు వాన తప్పిపోయింది. తమిళనాడు మొత్తం మీద అంత తక్కువ వాన నూరేళ్ళకు పైగా ఎరుగరు. నాకూ పైవర్తకుల ఒత్తిడి. మా నాన్నగారి నాటినుండి వచ్చే ఒక పెద్దాయన బాకీ నిలిచింది. కొట్లో నలుగురూ ఉండగా, తెలుగులోనే అడిగాను: “ఏం తాతా, వాన రాకుంటే బాకీ కూడ పోతుందా?” ఆయన ఏమీ అనలేదు. పది రోజులకు వచ్చి పైసాతో సహా లెక్కపెట్టి, రసీదు కూడ అడగకుండా వెళ్ళాడు. జత ఎద్దులు అమ్మాడని తరువాత తెలిసింది. నేను వాళ్ళ ఊరు వెళ్ళాను. మజ్జిగ ఇచ్చారు, క్షేమం అడిగారు. కొట్టుకు మాత్రం రాలేదు. ఆయన కొడుకులూ రారు. బజారులో ఎదురుపడితే నమస్కారం పెట్టి ప్రక్క కొట్టుకు వెళ్తారు.

2023 డిసెంబరులో మన జిల్లాలో కుంభవృష్టి కురిసింది. కాయల్‌పట్టినంలో ఒక్క రోజున 95 సెంటీమీటర్లు! అదునుమీదున్న పైరు కుళ్ళిపోయింది. ఆ ఏడు నేను ఎవరినీ అడగలేదు. కొన్ని బాకీలు రెండేళ్ళు పట్టాయి, కొన్ని రాలేదు. మా అబ్బాయి, “ఇట్లాగైతే బ్యాంకుకు ఏం చెప్తావు నాన్నా?” అన్నాడు. వాడి మాటా నిజమే. అందుకే ఇప్పుడు సరుకులో ఎంత భాగం అరువు ఇవ్వాలో ముందే గీత గీసుకుంటున్నాము.

కొత్తగా కొట్టు పెట్టదలచినవారు ముందు తమిళం వ్రాయను, చదవను నేర్చుకోండి. అద్దె అడ్వాన్సు ఇచ్చేముందు ఒకసారి నా దగ్గరకు రండి. ఏ ఊరివారు ఏ పంట మీద చెల్లిస్తారో నా పాత చిట్టాలలో ఉన్నది, చూపిస్తాను. ఆదివారం మధ్యాహ్నం కొట్టు మూసి ఉంటుంది. వెనుక గోడౌను తలుపు తట్టండి.