ఎండాకాలం సెలవుల్లో మన పిల్లలకు ఒక గంట

(బడి సెలవులకు ముందు ముస్తాబాద్ దళితవాడలో తల్లిదండ్రుల సభలో చేసిన ప్రసంగం)



సెలవులు వస్తున్నయంటే పట్నంల సమ్మర్ క్యాంపుల బోర్డులు లేస్తయ్. ఈతనట, కరాటేనట. మన వాడల సెలవులంటే ఆడపిల్ల ఒళ్లో బీడీల చాట, మగపిల్లగానికి వడ్ల కల్లం కాడ కావలి. ఇంటి పనుల్లో పిల్లల సాయానికి చట్టం గూడ సందు ఇచ్చింది. 2016ల బాలకార్మిక చట్టాన్ని సవరించి, పద్నాలుగేండ్లలోపు పిల్లలు సెలవుల్లో కుటుంబం పనిలో, అది ప్రమాదం లేనిదైతే, సాయం చేయొచ్చని రాసిండ్రు. ఆ సాయం ఎవరి పిల్లలు చేస్తరో రాసినోళ్లకు తెల్వదా? డాక్టరు కొడుకు సెలవుల్లో సూదులేస్తడా?

పిల్లల పని మాన్పించే కొట్లాట పెద్దది, అది ఆగదు. ఈ ఎండాకాలానికి మేం అడిగేది చిన్నది. రోజుకు ఒక గంట.

మా ఇండ్లల్ల మొదట డిగ్రీ చదివినోళ్లం మేం. కూలి పడకుంటే పొయ్యి వెలగదని మాకు ఎరుకే. అందుకే లెక్కగట్టి మాట్లాడుతున్నం. 2025ల ఏప్రిల్ 24 నుంచి జూన్ 11 దాకా 49 రోజులు సెలవులిచ్చిండ్రు. పెండ్లిళ్లు, జ్వరాలు, వానకు వడ్లు తడిసిన రోజులు, అమ్మమ్మ ఊరు తీసేస్తే 30 మిగులుతయ్. అంటే 30 గంటలు. అన్ని గంటల్ల ఇంగ్లీషంతా రాదు. వస్తదని చెప్పేటోడు ఫీజు కోసం చెప్తున్నడు. కాని ఆరో తరగతి పిల్లకు భాగహారం వస్తది. రోజుకు ఐదు చొప్పున 150 ఇంగ్లీషు మాటలు వస్తయ్. కూడబలుక్కొని చదివేటోడు పేపర్ల ఒక వార్త ఆగకుంట చదువుతడు. వీటిల్ల ఒక్కటే పట్టుకోవాలె. ఏదో పిల్లలే చెప్పాలె. 'కలెక్టరైత' అని మనం చెప్పిస్తే చప్పట్లు పడతయ్ గని, బడి తెరిచిన నాడు ఏడో ఎక్కం కాడ తడబాటు అట్లనే ఉంటది. ఒక పిల్ల 'సైకిల్ నేర్సుకుంట' అంటే కొందరు నవ్విండ్రు. హైస్కూలు పక్కూర్ల ఉన్నకాడ ఆడపిల్ల చదువు సైకిల్ మీదనే నడుస్తది. నవ్వేముంది?

గంట ఎక్కడ దొరుకుతది? ఉన్నది ఒకటే అర్ర, అండ్లనే టీవీ. బొంబాయి పరేల్ల అంబేద్కర్ ఇల్లు గూడ ఒకే గది. రాత్రి రెండింటికి తండ్రి రాంజీ లేపి చదివించేటోడు. 1907ల మెట్రిక్ పాసైండు. మన పిల్లల్ని రెండింటికి లేపమని అనం. పొద్దున ఆరు నుంచి ఏడు, ఎండ ముదరకముందు చాలు. వెయ్యి బీడీలు అయ్యేకాడ తొమ్మిదొందలే కావచ్చు. ఆ నూరు బీడీల కూలి ఇల్లు వదులుకోవాలె. ఆ గంట ముందు ఆడపిల్లకు దక్కాలె, ఎందుకంటే ఆమె కూలి మీదనే అందరి కన్ను.

పదో తరగతి తప్పినోళ్లకు సప్లిమెంటరీ ఉంటది, వాళ్లకు వేరే కూర్చుంటం. కులం, ఆదాయం సర్టిఫికెట్లు పెద్దల పని, పిల్లల్ని మీసేవ చుట్టు తిప్పకుండ్రి.

మే 22 భాగ్యరెడ్డి వర్మ పుట్టినరోజు. 1888ల పుట్టి, 1906ల జగన్మిత్ర మండలి పెట్టి, నిజాం రాజ్యంల మన పిల్లలకు బడులు నడిపిన మనిషి. ఆనాటికి సెలవులు సగం దాటుతయ్. దండలు, ఫోటోలు తక్కువ చేసి, అప్పటిదాక వచ్చింది పిల్లలు వాడ ముందర చేసి చూపాలె. రాకుంటే మిగిలిన రోజులకు తగ్గట్టు లెక్క తగ్గించుకుందాం, పిల్లను తిట్టుడు మాత్రం వద్దు.

సెలవులు మొదలైన నాడే పొద్దున ఆరింటికి సంఘం గదిల చాపలు పరుస్తం. పలకలు, పాత పేపర్లు మేం తెస్తం. కుండల నీళ్లు మీరు నింపుండ్రి.