ఫ్లూ జ్వరం – పెద్దవాళ్లకూ టీకా



టీకా అనగానే ఎవరు గుర్తొస్తారు? చంటిపిల్లలు గుర్తొస్తారు. పిల్లోనికి పోలియో చుక్కలు వేయించినారా, తట్టు టీకా వేయించినారా అని అడుగుతారు. మరి తల్లికి? ఇంట్లో ఉన్న అవ్వకు? పత్తి తీయడానికి పోయే కోడలికి? వాళ్లకూ టీకాలు ఉన్నాయి. ఈ సంగతి చాలా మందికి తెలియదు. ఈ రోజు మాట అదే.

ఫ్లూ అంటే ఏమిటి?

జలుబు అందరికీ తెలుసు. ముక్కు కారుతుంది. తుమ్ములు వస్తాయి. నాలుగు రోజుల్లో పోతుంది. ఫ్లూ అలా కాదు. పొద్దున పనికి పోయిన మనిషి సాయంత్రానికి మంచం పడుతుంది. జ్వరం ఎక్కువగా వస్తుంది. ఒళ్లంతా కొట్టినట్టు నొప్పులు. తలనొప్పి, గొంతు నొప్పి, పొడి దగ్గు. లేచి చెంబెడు నీళ్లు తెచ్చుకునే ఓపిక కూడా ఉండదు. జ్వరం నాలుగైదు రోజుల్లో తగ్గవచ్చు. దగ్గు, నీరసం రెండు వారాల దాకా ఉంటాయి.

దీనికి కారణం వైరస్ అనే కంటికి కనిపించని క్రిమి. జబ్బు మనిషి దగ్గినా, తుమ్మినా సన్నని తుంపరలు గాలిలోకి వస్తాయి. పక్కనున్నవారు ఆ గాలి పీలుస్తారు. జబ్బు అంటుకుంటుంది. ఆ తుంపరలు పడిన గ్లాసునో, తలుపు గొళ్లాన్నో పట్టుకుని, అదే చేత్తో ముక్కు, కళ్లు తుడుచుకున్నా అంటుకుంటుంది. ఇంకో సంగతి. జ్వరం బయటపడక ముందు రోజు నుంచే ఆ మనిషి వల్ల ఇతరులకు జబ్బు రావచ్చు. అయిదారు రోజుల దాకా అలాగే ఉంటుంది.

మన దేశంలో ఫ్లూ ఏడాదికి రెండుసార్లు ఎక్కువవుతుంది. జనవరి నుంచి మార్చి దాకా ఒకసారి. వానాకాలంలోనూ, దాని తర్వాతా ఇంకోసారి.

ఈ నెలలు ఎలాంటివో చూడండి. జనవరిలో ఎమ్మిగనూరు నీలకంఠేశ్వర స్వామి జాతర. చుట్టుపక్కల ఊళ్ల జనమంతా అక్కడే ఉంటారు. అదే కాలంలో పడమటి ఊళ్ల నుంచి కుటుంబాలు సుగ్గికి పోతాయి. గుంటూరు వైపు మిరపకాయ కోతకు పోతారు. ఒకే బండిలో ఇరవై మంది కూర్చుంటారు. చేని పక్కన ఒకే గుడిసెలో పది మంది పడుకుంటారు. అక్కడ ఒకరికి ఫ్లూ వస్తే ఎంత మందికి వస్తుంది? ఎన్ని రోజుల కూలి పోతుంది? లెక్క వేయండి.

నూరేళ్ల కిందటి మాట

1918లో ప్రపంచమంతా ఒక ఫ్లూ వచ్చింది. మన దేశంలో మొదట బొంబాయి రేవులో కనిపించింది. అక్కడి నుంచి రైలు దారుల వెంట దేశమంతా పాకింది. బొంబాయి నుంచి మద్రాసు పోయే రైలు దారి మీదే ఆదోని ఉంది. అప్పుడు ఆదోని బళ్లారి జిల్లాలో ఉండేది. 1953లో ఆంధ్ర రాష్ట్రం ఏర్పడినప్పుడు మన వైపు వచ్చింది.

ఆ ఏడాది దేశంలో కోటి మందికి పైగా చనిపోయారు. వానలు కూడా లేవు. తిండి కరువు. చనిపోయినవారిలో ఎక్కువ మంది ముసలివాళ్లు కారు. పనిచేసే వయసువాళ్లు. మన దేశంలో మగవాళ్ల కంటే ఆడవాళ్లే ఎక్కువ పోయారు. ఎందుకు? జబ్బుపడినవారి దగ్గర కూర్చుని సేవ చేసింది ఆడవాళ్లు. అందరూ తిన్నాక మిగిలింది తిన్నదీ ఆడవాళ్లే. ఒంట్లో బలం లేదు. గర్భిణులైతే ఇంకా ఎక్కువగా పోయారు.

అప్పటికి ఈ జబ్బు ఏ క్రిమి వల్ల వస్తుందో ఎవరికీ తెలియదు. 1933లో శాస్త్రజ్ఞులు మనుషుల్లో ఫ్లూ వైరస్‌ను కనిపెట్టారు. ఆ తర్వాత టీకా వచ్చింది. ఆనాటి తల్లులకు లేని అండ ఈనాడు ఉంది.

2009లో ఇంకో కొత్త ఫ్లూ వచ్చింది. స్వైన్ ఫ్లూ అన్నారు. మన దేశంలో మొదటి కేసు ఆ ఏడాది మే నెలలో హైదరాబాదులోనే బయటపడింది. విదేశం నుంచి విమానంలో వచ్చిన మనిషికి వచ్చింది. ఆ వైరస్ ఇప్పటికీ పోలేదు. ప్రతి ఏటా వచ్చే ఫ్లూలలో ఒకటిగా మిగిలింది.

టీకా ఏం చేస్తుంది?

టీకా మన ఒంటికి శత్రువును ముందే చూపిస్తుంది. అసలు జబ్బు వచ్చేసరికి ఒళ్లు సిద్ధంగా ఉంటుంది. టీకా వేయించుకున్న రెండు వారాలకు ఆ బలం వస్తుంది.

"పోయినేడు వేయించుకుంటి గదా, మళ్లీ ఎందుకు?" అని అడుగుతారు. మంచి ప్రశ్న. ఫ్లూ వైరస్ పగటి వేషగాని లాంటిది. ఏటా వేషం మారుస్తుంది. అందుకే ప్రపంచ ఆరోగ్య సంస్థ ఏడాదికి రెండుసార్లు చూసి, టీకాలో ఏ వైరస్‌లు ఉండాలో చెబుతుంది. పైగా టీకా ఇచ్చిన బలం నెలలు గడిచేకొద్దీ తగ్గుతుంది. అందుకే ఏటా వేయించుకోవాలి.

"టీకా వేస్తే ఫ్లూ వస్తుందంట గదా?" రాదు. చేతికి వేసే ఈ సూదిలో బతికిన వైరస్ ఉండదు. సూది వేసిన చోట నొప్పి ఉండవచ్చు. ఒకటి రెండు రోజులు కొంచెం జ్వరం, ఒళ్లు నొప్పులు రావచ్చు. అవే తగ్గిపోతాయి.

"టీకా వేస్తే ఇక జబ్బే రాదా?" అలా చెబితే అబద్ధం అవుతుంది. కొందరికి వస్తుంది. కానీ ప్రాణం మీదికి రావడం, ఆసుపత్రి పాలవడం తగ్గుతుంది.

"కరోనా టీకా వేయించుకున్నాం, చాలదా?" చాలదు. అది కరోనాకు. ఇది ఫ్లూకు. తాళం వేరు, తాళంచెవి వేరు.

పెద్దవాళ్లకు టీకా కొత్త మాట కాదు. ఊళ్లో ముసలవ్వల జబ్బ మీద మచ్చ చూడండి. అది మశూచి టీకా మచ్చ. ఆ టీకాల వల్లనే 1977లో మన దేశం మశూచి లేని దేశమైంది. గర్భిణులకు వేసే టీడీ సూది కూడా పెద్దవాళ్ల టీకాయే. అది ధనుర్వాతం, కంఠసర్పి రాకుండా కాపాడుతుంది. ప్రభుత్వ ఆసుపత్రిలో డబ్బు తీసుకోకుండా వేస్తారు. తప్పకుండా వేయించుకోవాలి.

ముందు ఎవరికి?

ఫ్లూ టీకా అందరికీ ఉచితంగా ఇచ్చే టీకాల పట్టికలో లేదు. బయట వేయించుకుంటే వెయ్యి రూపాయలు దాటవచ్చు. కూలి ఇంట్లో అది చిన్న డబ్బు కాదు. అందుకే ముందు ఆశ కార్యకర్తను, ఏఎన్‌ఎంను అడగండి. ఆదోని, ఎమ్మిగనూరు ప్రభుత్వ ఆసుపత్రుల్లో అడగండి. అడిగితే తప్పు లేదు.

ఇంట్లో ఒక్కరికే వేయించే డబ్బుంది అనుకోండి. ఎవరికి వేయించాలి? చాలా ఇళ్లలో "సంపాదించే మొగోనికి" అంటారు. ఆగి ఆలోచించండి. ఆ ఇంట్లో కోడలు గర్భిణి. ఆమెకు ఫ్లూ వస్తే ఊపిరితిత్తులకు పాకే ప్రమాదం ఎక్కువ. కడుపులో బిడ్డకూ ప్రమాదం. ఆరు నెలలు నిండని బిడ్డకు ఫ్లూ టీకా వేయరు. కానీ తల్లి కడుపుతో ఉన్నప్పుడు వేయించుకుంటే ఆ బలం బిడ్డకూ అందుతుంది. ఒక్క సూదితో రెండు ప్రాణాలకు కాపు. కాబట్టి ముందు వరుసలో గర్భిణి ఉండాలి. ఏ నెలలోనైనా వేయించుకోవచ్చు.

ఆ తర్వాత 65 ఏళ్లు దాటిన అవ్వ, తాత. ఉబ్బసం, చక్కెర జబ్బు, గుండె జబ్బు, మూత్రపిండాల జబ్బు ఉన్నవారు. ఆసుపత్రిలో పనిచేసేవారు. ఆరు నెలలు దాటిన చిన్న పిల్లలు.

వెనుక ఏదైనా టీకా వేసినప్పుడు ఒళ్లంతా దద్దుర్లు, ఊపిరాడకపోవడం వచ్చిందా? డాక్టరుకు ముందే చెప్పండి. జ్వరం ఎక్కువగా ఉంటే తగ్గాక వేయించుకోండి. సూది వేశాక అరగంట అక్కడే కూర్చోండి.

జబ్బు వస్తే ఏం చేయాలి?

జబ్బు మనిషికి వేరే చోట పడక వేయండి. తలుపు, కిటికీ తెరిచి గాలి రానివ్వండి. మగ్గం గుంత, పడక, పొయ్యి ఒకే గదిలో ఉన్న ఇళ్లు ఎమ్మిగనూరులో ఉన్నాయి. వేరే గది లేకపోతే కనీసం ఎడం పాటించండి. ముక్కుకు, నోటికి గుడ్డ కట్టుకోండి. దగ్గు వస్తే కొంగు అడ్డం పెట్టుకుంటారు. మంచిదే. కానీ అదే కొంగుతో బిడ్డ మూతి తుడవకండి. మోచేతి మడతలోకి దగ్గడం ఇంకా మంచిది. చేతులు సబ్బుతో కడగండి. నీళ్లకు కరువైనా చెంబెడు నీళ్లు చాలు.

గంజి, మజ్జిగ, కాచిన నీళ్లు బాగా తాగించండి. జ్వరానికి పారాసిటమాల్ చాలు. పిల్లలకు ఆస్పిరిన్ వేయకండి.

"సూది వేసి సెలైన్ పెట్టండి" అని డాక్టరును బలవంతం చేయకండి. సెలైన్‌తో ఫ్లూ వైరస్ చావదు. యాంటీబయాటిక్ మాత్రలు కూడా వైరస్ మీద పనిచేయవు. అప్పు చేసి ఎక్కించుకున్నా ఆ డబ్బు దండగే. ఫ్లూకు వేరే మందు ఉంది. డాక్టరు చూసి రాస్తారు. జబ్బు మొదలైన రెండు రోజుల్లోపు వేసుకుంటే బాగా పనిచేస్తుంది. అందుకే గర్భిణి, ముసలివారు, ఉబ్బసం ఉన్నవారు మొదటి రోజే ఆసుపత్రికి పోవాలి.

ఈ గుర్తులు ఉంటే ఎవరైనా సరే, ఆలస్యం చేయకూడదు: ఆయాసం, ఛాతీ నొప్పి, పెదవులు నీలంగా మారడం, మనిషి మగతగా ఉండడం, బిడ్డ పాలు తాగకపోవడం, తగ్గిన జ్వరం మళ్లీ తిరగబెట్టడం. వెంటనే 108కి ఫోన్ చేయండి.

ఇంకొక మాట. ఆదోని పత్తి మిల్లుల్లో పనిచేసేవారికి దూది దుమ్ముతో దగ్గు వస్తుంది. ప్రతి దగ్గూ ఫ్లూ కాదు. రెండు వారాలు దాటిన దగ్గు ఉంటే తెమడ పరీక్ష చేయించుకోండి. క్షయ కావచ్చు. ప్రభుత్వ ఆసుపత్రిలో ఆ పరీక్ష, మందులు ఉచితం.

అక్కలారా! ఇంట్లో అందరికీ జ్వరం వస్తే చూసుకునేది ఆడమనిషి. ఆమెకే జ్వరం వస్తే చూసేవారెవరు? కాబట్టి టీకా మాట వచ్చినప్పుడు ఇంట్లో ఆడవాళ్ల పేరు ఆఖరున రాయకండి.

మాట్లాడుకోండి

1. మీ వాడలో ఈ ఏడు గర్భిణులు ఎందరు? వాళ్లకు టీడీ సూది వేశారా?
2. సుగ్గికి పోయే ముందు ఏఎన్‌ఎంను అడగవలసిన సంగతులు ఏమిటి? పలక మీద రాయండి.
3. మీ ఇంట్లో ఒక్కరికే ఫ్లూ టీకా వేయించగలిగితే ఎవరికి వేయిస్తారు? ఎందుకు?