మందుచీటీ యెవరు వ్రాయవలెను?

(సికిందరాబాదు సభలో గావించిన ఉపన్యాసము)



1897వ సంవత్సరము ఆగస్టు 20వ తేదీన ఈ ఊరి చెంతనున్న బేగంపేటలో రోనాల్డ్ రాస్ దోమ కడుపును కోసి సూక్ష్మదర్శినిలో చూచి, అందు మలేరియా క్రిమిని కనుగొనెను. ఆ కాలమున బ్రిటిషు ఇండియాలో క్వినైను పొట్లములను తపాలా కచేరీలలో సైతము అమ్ముచుండిరి. ఇది చూపి నేడు కొందఱు ప్రశ్నించుచున్నారు: క్వినైనును తపాలా గుమాస్తా యీయగా, మనోవ్యాధికి మందును మనశ్శాస్త్రము నేర్చినవా రేల వ్రాయరాదు? ఈ ప్రశ్న పరిహసింపదగినది కాదు. దీనిని విచారించుటకే మేము మీ యెదుట నిలిచితిమి.

ముందుగా ఒక భేదమును గుర్తింపవలెను. మానసిక వైద్యుడు ఎం.బి.బి.ఎస్. చదివి, పిమ్మట మనోరోగములందు పై పట్టము పొందినవాడు. క్లినికల్ సైకాలజిస్టు మనశ్శాస్త్రము చదివి, మానసిక పరీక్షలచేతను సంభాషణచేతను చికిత్స చేయుటకు శిక్షణ పొంది, భారత పునరావాస మండలిలో పేరు నమోదు చేయించుకొన్నవాడు. మందు వ్రాయు అధికారము మొదటివానికే కలదు. తన వృత్తిరంగము అనుమతింపని మందును ఎవరును సూచింపరాదని 2017వ సంవత్సరపు మానసిక ఆరోగ్య సంరక్షణ చట్టము 106వ సెక్షనులో శాసించినది.

అమెరికాలో ఈ అడ్డు కొన్నిచోట్ల తొలగినది. 1991లో ఆ దేశపు రక్షణశాఖ ప్రయోగమొకటి ఆరంభించి 10 మంది సైకాలజిస్టులకు మందుల విద్య నేర్పించెను. 2002లో న్యూ మెక్సికో రాష్ట్రమును, 2004లో లూసియానాయును అధికార మిచ్చినవి. 2024 నాటికి అట్టి రాష్ట్రములు 7 అయినవి. వారు దీనిని ఊరక ధారపోయలేదు. డాక్టరేటుపై మందులను గూర్చిన మఱియొక చదువును, పరీక్షను, పర్యవేక్షణలో అభ్యాసమును విధించిరి. మానసిక వైద్యుడు లేని పల్లెలలో రోగులు నెలల తరబడి వేచియుండుటయే వారు చూపిన కారణము.

మన కష్టము అంతకంటె పెద్దది. 2015–16లో బెంగుళూరు నిమ్హాన్స్ సంస్థ 12 రాష్ట్రములలో జరిపిన జాతీయ సర్వేలో, వ్యాధినిబట్టి నూటికి 70 మొదలు 92 మంది వఱకు చికిత్స లేక యున్నారని తేలినది. అట్లయిన మనమును అమెరికా త్రోవనే పోరాదా?

ఇచ్చటనే లెక్క తలక్రిందగుచున్నది. అమెరికాలో మానసిక వైద్యులకంటె సైకాలజిస్టులే యెక్కువ. మన దేశమున, ప్రపంచ ఆరోగ్య సంస్థవారి 2017వ సంవత్సరపు లెక్కలనుబట్టి, కోటి జనమునకు మానసిక వైద్యులు 29 మంది, సైకాలజిస్టులు 7గురు. ఇరువదితొమ్మండుగురు చాలనిచోట ఏడుగురి చేతికి కలమిచ్చినంతమాత్రమున కొఱత తీఱునా? బావి యెండిన యూర చేదలు పంచిపెట్టినట్లగును. పైగా, మందు వ్రాయుటకు అయిదు నిమిషములు చాలును. దుఃఖితుని మాట వినుటకు గంట కావలెను. ఆ గంట కూర్చుండువా రా యేడుగురే. వారి వాకిటను మందుచీటీల వరుస నిలిచిన నాడు వినువా రెవరు?

ఇక క్వినైను మాట. మలేరియా క్రిమి రక్తపు బొట్టులో సూక్ష్మదర్శినికి కనబడును. దిగులునకు అట్టి బొట్టు లేదు. థైరాయిడు గ్రంథి మందగించినవాడును మనోవ్యాధిగ్రస్తునివలెనే క్రుంగి కనబడును. లిథియము వాడువారి రక్తమును పలుమాఱు పరీక్షింపవలెను, మూత్రపిండములను కనిపెట్టియుండవలెను. మన మే నెల యెండలో ఒంటి నీరు తగ్గినచో మేలుచేయు మోతాదే విషము కావచ్చును. క్లోజాపిన్ వాడువారికి తెల్ల రక్తకణములు పడిపోవునేమోయని చూచుచుండవలెను. దేహవిద్య లేక యీ మందులను ముట్టుట క్షేమము కాదు.

‘పల్లెలో ఏ పట్టమును లేని ఆర్.ఎం.పి. మాత్రలిచ్చుచుండగా, చదువుకొన్న సైకాలజిస్టునా మీ రడ్డగించుట?’ అని మీ రడుగవచ్చును. ఈ యాక్షేపణ మమ్మును బాధించుచున్నది. కాని ఆ పల్లెలో నేడు సైకాలజిస్టును లేడు. అధికార మిచ్చినను అతడు రేపటికి అచ్చటికి పోజాలడు. ఆ పల్లెకు చేరువనున్నవాడు ప్రాథమిక ఆరోగ్య కేంద్రపు వైద్యుడు. అతనికి సాధారణ మనోవ్యాధులను గుర్తించి చికిత్స చేయ నేర్పుట దగ్గఱి త్రోవ. ఈ యుద్దేశముతోనే 1996లో జిల్లా మానసిక ఆరోగ్య కార్యక్రమము ఆరంభమయ్యెను. తొలుత ఎన్నుకొనబడిన 4 జిల్లాలలో మన మెదకు ఒకటి.

మేధోవైకల్యముగల పిల్లలకై 1984లో స్థాపింపబడిన జాతీయ సంస్థ మన బోయినపల్లిలోనే యున్నది. అచ్చట వైద్యుడు, సైకాలజిస్టు, ఉపాధ్యాయుడు ఒక్క బిడ్డ మేలునకై కలసి పనిచేయుదురు. ఆ కూడిక ప్రతి జిల్లా ఆసుపత్రిలో కావలెను. సైకాలజిస్టు వ్రాసిన అభిప్రాయమును వైద్యుడు చదివి తీఱవలెను. మందు పనిచేయలేదని అతడు చెప్పినచో మరల యోచింపవలెను. సైకాలజిస్టుల చదువునకు సీట్లు పెంచవలెను, వారికి స్థిరమైన ఉద్యోగములు కల్పింపవలెను.

వారి సంఖ్య పెరిగి, వారిలో కొందఱు దేహశాస్త్రమును సాంగముగా నేర్చిన నాడు చట్టమును మార్చుటకు మేము అడ్డురాము. అంతవఱకు ప్రభుత్వమును మనమడుగవలసినది మనుష్యులను. నేటి సాయంకాలము తన బిడ్డకేమైనదో తెలియక దర్గాకును ఆసుపత్రికిని నడుమ తిరుగుచున్న తల్లికి, తన మాట వినువా డొకడును, మందెఱిగినవా డొకడును ఒకే వాకిట దొరకవలెను. దీనికై మీరు మీ శాసనసభ్యులను నిలదీయుదురుగాక!