మంగళగిరి బిలము – హృదయగుహ



మన కోనసీమ గోదావరీమాత తెచ్చి పోసిన ఒండ్రునేల. ఇచ్చట కొండ లేదు, గుహ లేదు. అంతర్వేదిలో నరసింహస్వామి సాగరసంగమమున సమభూమిపైననే కొలువైనాడు. ఆ స్వామియే మంగళగిరి కొండపై పానకాలరాయడై వెలసి, భక్తులు సమర్పించు పానకములో సగము స్వీకరించి, తక్కిన సగము ప్రసాదముగా అనుగ్రహించునని ప్రసిద్ధి.

ఆ కొండపైననే, రాజ్యలక్ష్మీ అమ్మవారి ఆలయమునకు పడమరగా ఒక బిలమున్నది. అది కృష్ణాతీరమందలి ఉండవల్లి గుహలకు చేరుననియు, పూర్వము ఋషులు ఆ దారిని పోయి కృష్ణవేణిలో స్నానమాడి వచ్చెడివారనియు పెద్దల వాక్కు. ఉండవల్లి గుహాలయములో అనంతశయనుడు ఏకశిలారూపమున దర్శనమిచ్చుచున్నాడు.

“ఆ దారి నిజముగా ఉన్నదా?” అని యువకులు మమ్ము అడుగుచుందురు. నాయనలారా! నేడు ఆ బిలము చీకటితో నిండినది. లోనికి పోయి వెదకుట ఉచితము గాదు. ఆ గాథ మనకు చెప్పునది దారి కొలత గాదు, స్నాననియమము. ఏరు ఎంత దూరమైనను, శుచి లేక ఋషులు స్వామిని సేవింపలేదు. వాకిటనే గోదావరి కాలువ పారుచుండగా, మనమో అందులో చెత్త పోయుచున్నాము!

మన వేదపండితులు పారాయణ చేయు తైత్తిరీయోపనిషత్తు, ఆనందవల్లిలో, పరబ్రహ్మము గుహయందు నిహితమని బోధించినది. ఆ గుహ బుద్ధియే యని శంకర భగవత్పాదుల భాష్యము. ఆ గుహను చేరుటకు కొండ అక్కరలేదు. మొదట నీటిని, పిదప దేహమును, ఆపై మనస్సును శుభ్రపరచుకొందము. దారి తానే తెరచుకొనును.

శుభం భూయాత్.