నట్లు ఊడినా హబ్ ఊడట్లేదా?

ఇది పాత టొయోటా హైలక్స్, ఫోర్ వీల్ డ్రైవ్ బండి. ముందు చక్రం లాకింగ్ హబ్ విప్పుతున్నాను. డయల్ కవర్ తీశాను, యాక్సిల్ చివర బోల్ట్ తీశాను, చుట్టూ 6 నట్లూ విప్పాను. అయినా కదలట్లేదు చూడండి.

ఎందుకంటే ఒక్కో స్టడ్‌కీ ఒక కోన్ వాషర్ ఉంటుంది. హబ్‌ని పట్టుకున్నది అదే. స్క్రూడ్రైవర్ దూర్చి పెకలించొద్దు. అంచు దెబ్బతింటే లోపలికి నీళ్లు చేరి బేరింగ్ పోతుంది.

రస్ట్ స్ప్రే కొట్టి కాసేపు ఆగండి. నట్లు మళ్లీ స్టడ్ చివరి వరకే ఎక్కించండి. మరలు చెడవు, వాషర్ ఎగిరి ముఖానికి తగలదు. కళ్లద్దాలు మాత్రం పెట్టుకోండి. ఇప్పుడు ఇత్తడి కడ్డీ ఆనించి, స్టడ్ మీద సుత్తితో కొడుతున్నాను... టక్! వాషర్ వదిలింది. మిగతా 5 కూడా ఇంతే. అవన్నీ వచ్చాక హబ్ చేత్తోనే వచ్చేస్తుంది.